ఏడాదికొక కార్యవర్గం, నాలుగు దశాబ్దాల సంస్థ

(న్యాయ విద్యార్థులు, తల్లిదండ్రులు, సామాజిక కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాయకత్వం గురించి మాట్లాడవలసిందిగా నిర్వాహకులు మమ్మల్ని కోరారు. నాయకుడు అనగానే మన కళ్ల ముందు ఒక వ్యక్తి మెదులుతాడు. మంచి కంఠం ఉన్నవాడు, పలుకుబడి గలవాడు, పిలిస్తే పదిమంది వెంట వచ్చేవాడు. అటువంటి వ్యక్తులు సమాజానికి అవసరమే. అయితే వారు లేని రోజున సంస్థ ఏమవుతుందన్న ప్రశ్నను మనం సాధారణంగా వేసుకోము. ఆ ప్రశ్నకు ఐరోపాలోని న్యాయ విద్యార్థులు ఆచరణలో ఇచ్చిన సమాధానాన్ని ఈ రోజు మీ ముందుంచదలిచాము. ఆ సంస్థ పేరు యూరోపియన్ లా స్టూడెంట్స్ అసోసియేషన్. సంక్షిప్తంగా ఎల్సా అంటారు.

1981 మే 4న ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఈ సంస్థకు పునాది పడింది. ఆస్ట్రియా, పశ్చిమ జర్మనీ, పోలండ్, హంగరీ దేశాల న్యాయ విద్యార్థులు దానిని స్థాపించారు. ఆనాటి పరిస్థితిని ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. ఐరోపా రెండు శిబిరాలుగా చీలి ఉంది. పోలండ్, హంగరీలు సోవియట్ కూటమిలో ఉన్నాయి. పశ్చిమ జర్మనీ అమెరికా పక్షాన ఉంది. ఆస్ట్రియా తటస్థ దేశం. అదే ఏడాది డిసెంబరు 13న పోలండ్‌లో సైనిక శాసనం విధించారు. బెర్లిన్ గోడ కూలడానికి ఇంకా ఎనిమిదేళ్లు ఉంది. ప్రభుత్వాలు పరస్పరం అనుమానంతో చూసుకుంటున్న ఆ కాలంలో, రెండు శిబిరాల విద్యార్థులు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒక నియమావళి రాసుకున్నారు. నేడు ఆ సంస్థ 40కి పైగా దేశాలలో, 300కు పైగా విశ్వవిద్యాలయాలలో పనిచేస్తున్నది. స్థాపించిన విద్యార్థులు చదువు ముగించి ఏనాడో వెళ్లిపోయారు. సంస్థ మాత్రం నిలిచింది. అది ఎలా నిలిచిందన్నదే మన విచారణ.

సంస్థ నిర్మాణం మూడు అంచెలుగా ఉంటుంది. విశ్వవిద్యాలయంలో స్థానిక శాఖ, దానిపై జాతీయ శాఖ, అన్నిటికీ పైన బ్రసెల్స్ నగరం కేంద్రంగా అంతర్జాతీయ కార్యవర్గం. అంతర్జాతీయ కార్యవర్గ పదవీకాలం ఒక్క సంవత్సరమే. స్థానిక శాఖలలోనూ సాధారణంగా ఇదే పద్ధతి. మనం ప్రధానంగా గమనించవలసింది స్థానిక శాఖనే. ఎందుకంటే ఇరవై ఏళ్ల యువతీయువకులు తొలిసారి బాధ్యత అనే మాటకు అర్థం తెలుసుకునేది అక్కడే.

స్థానిక కార్యవర్గంలో సాధారణంగా అయిదుగురు నుంచి ఎనిమిది మంది వరకు ఉంటారు. అధ్యక్షులు సంస్థకు ప్రతినిధి. విశ్వవిద్యాలయ అధికారులతోను, న్యాయవాద సంస్థలతోను మాట్లాడేది, కార్యవర్గాన్ని కలిపి నడిపేది ఆ స్థానంలో ఉన్నవారే. ప్రధాన కార్యదర్శి చేతిలో సభ్యత్వ పట్టిక, నియమావళి, సమావేశాల మినిట్స్, కొత్త సభ్యుల శిక్షణ ఉంటాయి. కోశాధికారి బడ్జెట్ తయారు చేస్తారు, రసీదులు భద్రపరుస్తారు, ఏడాది చివర లెక్క అప్పజెబుతారు. వీరితోపాటు ఒక్కొక్క కార్యరంగానికి ఒక్కొక్క ఉపాధ్యక్షులు ఉంటారు. ఒకరు ప్రచారం చూస్తారు. ఒకరు వ్యాసరచన, న్యాయ పరిశోధన వంటి విద్యాకార్యక్రమాలు చూస్తారు. ఒకరు సదస్సులు, అధ్యయన యాత్రలు నిర్వహిస్తారు. ఒకరు మూట్ కోర్టు పోటీలకు, మరొకరు న్యాయవాద కార్యాలయాలలో విద్యార్థుల శిక్షణకు బాధ్యులు.

ఈ ఉపాధ్యక్ష పదవులు మనకు అలవాటైన గౌరవ పదవుల వంటివి కావు. మన సంఘాలలో ఉపాధ్యక్షుడంటే ఆహ్వాన పత్రికలో పేరు, వేదికపై ఒక కుర్చీ. అక్కడ ప్రతి ఉపాధ్యక్షునికీ పేర్కొన్న పని ఒకటి ఉంటుంది. ఆ పని జరగకపోతే ఎవరిని అడగాలో సభ్యులందరికీ తెలుసు. అధ్యక్షులు సమర్థులైనంత మాత్రాన కోశాధికారి పని తామే చేసివేయరు. ఒకే వ్యక్తి అన్నీ చేసే చోట సంస్థ ఆ వ్యక్తి ఆరోగ్యం మీద, తీరిక మీద, చివరకు ఆయన మనఃస్థితి మీద ఆధారపడుతుంది.

ఇక జర్మనీని ఉదాహరణగా తీసుకుందాం. అక్కడి విద్యార్థి శాఖలు చాలావరకు నమోదైన సంఘాలుగా నడుస్తాయి. 1900 నుంచి అమలులో ఉన్న జర్మన్ పౌరస్మృతి ప్రకారం, సంఘం నమోదు కావాలంటే కనీసం 7 మంది సభ్యులు ఉండాలి. కార్యవర్గాన్ని సభ్యుల సమావేశమే ఎన్నుకుంటుంది. నియమావళి వేరుగా చెప్పకపోతే కార్యవర్గ సభ్యులు వేతనం లేకుండా పనిచేయాలి. ఆచరణలో ఇంకొక పద్ధతి కూడా స్థిరపడింది. ఏడాది చివర కార్యవర్గం సర్వసభ్య సమావేశంలో నివేదిక చదువుతుంది. సభ్యులే ఎన్నుకున్న లెక్కల పరిశీలకులు ఖాతాలు చూసి తమ అభిప్రాయం చెబుతారు. తరువాత సభ్యులు ఓటు వేసి పాత కార్యవర్గాన్ని బాధ్యత నుంచి విముక్తం చేస్తారు. ఆ ఓటు పడేవరకు పదవి దిగినవారు కూడా జవాబుదారులే. మన పెద్దలు అమానత్ అన్న మాటను ఎంత గంభీరంగా వాడేవారో మీకు తెలుసు. నమ్మి అప్పగించిన దానిని లెక్కతో తిరిగి అప్పగించడమే దాని సారం. ఆ విద్యార్థులు ఏటా ఆ పనినే ఒక పద్ధతిగా చేస్తున్నారు.

ఈ 7 అనే సంఖ్య మనకు కొత్త కాదు. మన దేశంలో 1860 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కూడా కనీసం 7 మందినే కోరింది. మన ప్రాంతంలో దాని స్థానంలో వచ్చిన 2001 నాటి చట్టమూ అదే సంఖ్యను నిలుపుకున్నది. మన విద్యాసంఘాలు, సంక్షేమ సంఘాలు అనేకం ఈ చట్టాల కిందనే నమోదై ఉన్నాయి. కార్యవర్గ సభ్యుల జాబితాను ఏటా రిజిస్ట్రారుకు పంపాలన్న నియమం కూడా ఉంది. అంటే చట్టం విషయంలో మనకూ వారికీ పెద్ద అంతరం లేదు. అంతరం ఆచరణలో ఉంది. నమోదు రోజున రాసిన 7 పేర్లే ఇరవై ఏళ్ల తరువాత కూడా ఉంటే, మధ్యలో ఎదిగిన తరం ఎక్కడికి పోయినట్టు?

ఏడాదికొకసారి అందరూ మారిపోతే పని దెబ్బతినదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. దెబ్బతినే ప్రమాదం నిజంగానే ఉంది. అందుకే ఆ సంస్థలో బాధ్యతల అప్పగింతకు ఎంతో ప్రాధాన్యం ఇస్తారు. కొత్త కార్యవర్గం ఎన్నికైన తరువాత పాతవారు తమ స్థానంలోకి వస్తున్నవారితో కూర్చుని పని నేర్పుతారు. ఏ న్యాయవాద సంస్థ సహాయం చేస్తుంది, ఏ ఆచార్యులు ఉపన్యాసానికి వస్తారు, ఏ దరఖాస్తు ఏ నెలలో పెట్టాలి, ఏ కార్యక్రమంలో ఎందుకు నష్టం వచ్చింది అన్నవి కాగితం మీద పెట్టి అప్పగిస్తారు. అనుభవం మనిషి తలలో ఉండిపోతే అది అతని సొత్తు. కాగితం మీదకు వస్తే సంస్థ సొత్తు. అప్పగింత సరిగా జరగని ఏడాది అక్కడి శాఖలు కూడా బలహీనపడతాయి. పదవీకాలం చిన్నది కావడంలో ఉన్న నష్టాన్ని పూడ్చేది ఆ కాగితాలే.

ఈ కార్యవర్గాలు నడిపే పనులలో మన సమాజానికి అత్యంత సమీపమైనది మూట్ కోర్టు. కల్పిత వివాదం ఒకటి ఇచ్చి, విద్యార్థులచేత నిజమైన న్యాయస్థానంలో వలె వాదింపజేసే పోటీ ఇది. ఎల్సా నిర్వహించే పోటీలలో ఒకటి ప్రపంచ వాణిజ్య సంస్థ చట్టంపై జరుగుతుంది. జాన్ హెచ్. జాక్సన్ అనే న్యాయశాస్త్రాచార్యుని పేరున జరిగే ఆ పోటీలో మన దేశపు జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల బృందాలు కూడా పాల్గొంటూ వస్తున్నాయి. మరొకటి మానవ హక్కులపై జరుగుతుంది. దానికి హెల్గా పెడర్సెన్ పేరు పెట్టారు. డెన్మార్క్‌కు చెందిన ఆమె 1971లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానంలో తొలి మహిళా న్యాయమూర్తి అయ్యారు. ఆ పోటీ తుది ఘట్టం ఆ న్యాయస్థానం ఉన్న స్ట్రాస్‌బర్గ్ నగరంలో జరుగుతుంది. ఈ పోటీలలో ఒక నియమం ఉంది. ప్రతి బృందమూ ఫిర్యాదుదారు పక్షానా, ప్రభుత్వ పక్షానా, రెండు వైపులా వాదించడానికి సిద్ధపడాలి.

ఈ నియమం విలువ ఒక నిజమైన వ్యాజ్యంలో చూద్దాం. లేలా షాహిన్ ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య అయిదవ సంవత్సరం చదువుతున్న యువతి. 1998 ఫిబ్రవరిలో విశ్వవిద్యాలయం ఒక సర్క్యులర్ జారీ చేసింది. తలపై వస్త్రం ధరించినవారిని తరగతులకు, పరీక్షలకు అనుమతించరాదన్నది దాని సారాంశం. మరుసటి నెలలో ఆమెను పరీక్ష గదిలోకి రానివ్వలేదు. 1999లో ఆమె చదువు కొనసాగించడానికి వియన్నా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఆమె వేసిన వ్యాజ్యం స్ట్రాస్‌బర్గ్ చేరింది. 2005 నవంబరు 10న 17 మంది న్యాయమూర్తుల విస్తృత ధర్మాసనం 16–1 ఆధిక్యంతో మత స్వేచ్ఛకు భంగం కలగలేదని తీర్పునిచ్చింది. భిన్నాభిప్రాయం రాసిన ఏకైక న్యాయమూర్తి బెల్జియంకు చెందిన ఫ్రాన్స్వాజ్ తుల్కెన్స్. లౌకికవాదం, సమానత్వం అనే సూత్రాలను ఆమె గౌరవించారు. అయితే వాటి పేరిట ఒక స్త్రీ హక్కును పరిమితం చేయాలంటే సాధారణ భయాలు చాలవని, నిర్దిష్టమైన కారణాలు చూపాలని ఆమె వాదించారు.

ఆ తీర్పు మనకు బాధ కలిగించవచ్చు. బాధ ఒక్కటే మిగిలితే తరువాతి వ్యాజ్యానికి అది ఉపకరించదు. ఆ 16 మంది ఏ తర్కంతో ఆ నిర్ణయానికి వచ్చారో, ప్రభుత్వ న్యాయవాదులు ఏ వాదనతో వారిని ఒప్పించారో పంక్తి పంక్తిగా చదివినవారే దానికి జవాబు రాయగలరు. మన దేశంలో కర్ణాటక వ్యాజ్యంలో 2022 అక్టోబరు 13న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు పరస్పర భిన్నమైన తీర్పులిచ్చారు. ఆ రెండు తీర్పులనూ సమానమైన శ్రద్ధతో చదివిన విద్యార్థులు మనకు ఎందరున్నారు? ప్రత్యర్థి వాదాన్ని అతనికంటే బాగా చెప్పగలిగిన నాడే మన వాదానికి బలం వస్తుంది. మూట్ కోర్టు నేర్పేది అదే. ఆ పోటీకి గది దొరికించడం, గడువు తేదీలు చూడడం, న్యాయనిర్ణేతలను పిలవడం వంటి పనులు ఎవరో ఒకరు చేయాలి. వేదికపై కనబడని ఆ కార్యవర్గం లేకపోతే వాదించే విద్యార్థి కూడా తయారు కాడు.

ఆ సంస్థను మేము ఆదర్శలోకంగా చూపించడం లేదు. దానికి పరిమితులున్నాయి. అది రాజకీయేతర సంస్థగా తనను నిర్వచించుకుంది. హక్కుల కోసం వీధిలో నిలబడి పోరాడడం దాని పని కాదు. ఆ పని వేరే సంస్థలు చేయాలి. దాని అంతర్జాతీయ వ్యవహారమంతా ఇంగ్లీషులో సాగుతుంది. వేతనం లేని పదవులు కాబట్టి, చదువుతోపాటు కూలికో ఉద్యోగానికో పోవలసిన విద్యార్థికి అక్కడా తీరిక దొరకడం కష్టం. మనం ఆ పద్ధతిని స్వీకరించేటప్పుడు ఈ చివరి లోపాన్ని తప్పక సరిదిద్దుకోవాలి. పేద విద్యార్థి పదవిలో ఉన్న ఏడాది అతని ప్రయాణ ఖర్చు, పుస్తకాల ఖర్చు సంఘం భరించాలి. లేకుంటే నాయకత్వం కలిగినవారి ఇళ్లలోనే తిరుగుతుంది.

తల్లిదండ్రులకు మా విన్నపం ఒకటి. మీ కుమార్తె కళాశాల సంఘంలో కార్యదర్శిగానో కోశాధికారిగానో నిలబడతానంటే, చదువు పాడవుతుందని ఆపకండి. నలుగురి డబ్బుకు లెక్క రాయడం, సమావేశాన్ని వేళకు మొదలుపెట్టి వేళకు ముగించడం, తనతో ఏకీభవించని వారి మాటను కూడా మినిట్స్‌లో నిజాయితీగా నమోదు చేయడం, ఇవన్నీ పాఠ్యపుస్తకంలో దొరకని న్యాయవిద్య. రేపు ఆమె న్యాయస్థానంలో నిలబడినప్పుడు ఆ అలవాటే ఆమెకు అండ.

కార్యకర్తలకు, సంఘాల పెద్దలకు మూడు ప్రతిపాదనలు సమర్పిస్తున్నాము. మీ సంఘం రాబోయే సర్వసభ్య సమావేశంలోనే వీటిని తీర్మానాలుగా ప్రవేశపెట్టండి. మొదటిది, ప్రతి పదవికీ కాలపరిమితి, ప్రతి ఉపాధ్యక్షునికీ రాతపూర్వకమైన పని. రెండవది, కార్యవర్గంలో లేని ఇద్దరు సభ్యులు లెక్కలు చూసి సభ ముందు మాట్లాడిన తరువాతనే పాత కార్యవర్గానికి వీడ్కోలు. మూడవది, పదవి దిగేవారు తమ వారసునికి అప్పగింత పత్రం రాసి ఇవ్వడం. వీటిలో ఏ ఒక్కదానికీ ప్రభుత్వ అనుమతి అక్కరలేదు. నిధులు కూడా అక్కరలేదు. కావలసింది ఒక నోటుబుక్కు, సమయానికి కుర్చీ నుంచి లేవగల మనసు.

పెద్దలారా, లేచినవారికి గౌరవం తగ్గదు. పక్కన కూర్చుని నేర్పేవారిగా మీ స్థానం ఇంకా పెరుగుతుంది. యువకులారా, కుర్చీ ఖాళీ అయ్యేవరకు ఎదురుచూడకండి. ముందు మినిట్స్ రాసే పని అడిగి తీసుకోండి. హక్కులు అడిగే సమాజం లోపల కూడా లెక్క అడిగే హక్కు, లెక్క చెప్పే బాధ్యత ఉండాలి. అప్పుడే న్యాయస్థానంలోనైనా, శాసనసభ ముందైనా మన మాటకు బరువు ఉంటుంది.