ఇత్తడి బ్యాండులో క్రిస్మస్ పాట



సాయంకాలపు తరగతిలో నేర్చిన తెలుగుతోనే నాలుగు మాటలు చెబుతాను.

పెన్సిల్వేనియాలో బెత్లెహేమ్ అనే ఊరుంది. మొరావియన్ క్రైస్తవులు 1741లో క్రిస్మస్ ముందునాటి రాత్రి దానికి ఆ పేరు పెట్టారు. 1754లో అక్కడ ట్రాంబోన్ బృందం ఏర్పడింది. నేటికీ వాయిస్తూనే ఉంది. కీర్తనలోని నాలుగు గొంతులకు నాలుగు పరిమాణాల ట్రాంబోన్లు. పండుగ పాటలే కాదు, ఊళ్లో ఎవరైనా పోతే ఆ కబురు కూడా ట్రాంబోన్లే చెప్పేవి.

ఇది పరాయి సంగీతమని మనవాళ్లు కొందరంటారు. "జాయ్ టు ది వరల్డ్" మొదటి పాదం వినండి: స ని ద ప మ గ రి స. శంకరాభరణం అవరోహణ, ఒక్క స్వరం పోకుండా! ముత్తుస్వామి దీక్షితులవారు తెల్లవారి బ్యాండు వరుసలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కూర్చారు. నొట్టుస్వరాలంటే అవే. ఆయనకు లేని అభ్యంతరం మనకెందుకు?

మన పిల్లల్లో ఎందరో బడి బ్యాండులో ట్రంపెట్, ట్రాంబోన్ వాయిస్తారు. మన వేదికపై మాత్రం వీణ, వయొలిన్ వచ్చినవారికే చోటు. ట్రాంబోన్ పిల్లలు రెండేళ్లు వెనుక కుర్చీల్లో కూర్చుంటారు, మూడో ఏడు రారు. ఈ డిసెంబరులో వారు వాయించగా మనం తెలుగులో పాడుదాం.

ఒక్క జాగ్రత్త. గాయకుల కాగితమే ట్రంపెట్ వాయించే పిల్లవాడి చేతికిస్తే శ్రుతి ఒక పూర్తి స్వరం కిందికి పోతుంది. వారికి వేరే కాగితం రాయాలి. ఆ పని నేను చేస్తాను. పెద్దలు తాళం పరుగెత్తించకుంటే చాలు. ఊదేవారికి ఊపిరి కావాలి గదా!