మూడో పెడలు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



కరవు భత్యం బకాయిల మీద ఇప్పటికే ముగ్గురు మాట్లాడారు. కనుక నేను మన ఇళ్లలో ఈ మధ్య తరచు వినబడుతున్న మరో తగాదా ఎత్తుకుంటాను. చిన్న ఎస్‌యూవీ కొందామనుకుంటే, అమెరికాలోని పిల్లలు "క్లచ్ బండ్ల రోజులు పోయాయి, ఆటోమేటిక్ తీసుకోండి" అంటున్నారు.

వారి మాట అక్కడికి నిజమే. సుబారు క్రాస్‌ట్రెక్‌కు అమెరికాలో మాన్యువల్ గేర్లు 2023 మోడలుతో ఆగిపోయాయి. ఇక్కడి సంగతి వేరు. బ్రెజా 2016లో, నెక్సాన్ 2017లో వచ్చినప్పుడు రెండూ క్లచ్ బండ్లే. ఆటోమేటిక్ 2018లో తోడైంది. ఈ రెండింటిలోనూ మాన్యువల్ నేటికీ దొరుకుతోంది.

మధ్యలో ఒక వింత జరిగింది. 2020లో వెన్యూ, సోనెట్ బండ్లలో ఐఎంటీ అని ఒక పద్ధతి తెచ్చారు. క్లచ్ పెడలు ఉండదు, గేరు మాత్రం మనమే మార్చాలి. చెయ్యి గేరు రాడ్డును కదపబోతుండగానే సెన్సరు పసిగట్టి, యంత్రమే క్లచ్ పని చూసుకుంటుంది. మోకాళ్లు అరిగిన మన బోంట్ల కోసమే కనిపెట్టారేమో అనిపించింది! 2023 జూలైలో సెల్టోస్ డీజిల్‌కు మామూలు మాన్యువల్ తీసేసి ఇదే పెట్టారు. ఆరు నెలలు తిరిగేసరికి, 2024 జనవరిలో, మూడో పెడలును మళ్లీ తెచ్చారు. అడిగేవాళ్లు లేకపోతే తెస్తారా?

అయితే "దొరుకుతుంది" అన్న మాటను, నేను ట్రెజరీలో బిల్లులు చూసినట్లు, అడుగున ఉన్న చిన్న అక్షరాలతో సహా చూడాలి. ఏ ఇంజనుతో? ఏ వేరియంటులో? 2024 జనవరిలో వచ్చిన క్రెటాలో మామూలు పెట్రోలుకు, డీజిల్‌కు మాన్యువల్ ఇచ్చారు. టర్బో పెట్రోలుకు ఇవ్వలేదు. అది కావలసినవారు మార్చిలో ఎన్ లైన్ వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌కైతే మాన్యువల్ ప్రసక్తే లేదు. కనుక షోరూము కుర్రవాడు పై వేరియంటు చూపించి "ఆటోమేటిక్ ఒక్కటే సార్" అంటే, ఆ ఒక్క వరుసకే అని అర్థం. ధరల పట్టిక మొత్తం అడిగి పుచ్చుకోండి. బ్రెజా వంటి బండిలో ఆ తేడా లక్ష రూపాయలకు పైమాటే. కమ్యూటేషను సొమ్ములో లక్ష అంటే ఎంతో మీకు నేను చెప్పనక్కరలేదు.

మోకాలి ఆపరేషను అయినవారు, రోజూ నగరం ట్రాఫిక్‌లో పడి తిరగవలసినవారు ఆటోమేటికే తీసుకోండి. అందులో నామోషీ ఏమీ లేదు. కాని నలభై ఏళ్లు క్లచ్ తొక్కిన కాలు ఒక్కరోజులో మాట వినదు. మా కాలనీలో ఒకాయన కొడుకు ఆటోమేటిక్ బండి నడుపుతూ, అలవాటుకొద్దీ ఎడమ కాలితో క్లచ్ అనుకుని బలంగా తొక్కారు. అక్కడున్నది బ్రేకు. బండి ఠక్కున ఆగింది. వెనక వస్తున్న మోటారు సైకిలు అబ్బాయి వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. ఎడమ కాలు వెనక్కి పెట్టుకుని ఖాళీ మైదానంలో వారం రోజులు తిప్పిన తరువాతే రోడ్డెక్కండి. ఇంట్లో రెండు రకాల బండ్లూ ఉన్నవారికి ఈ బెడద మరీ ఎక్కువ.

మాన్యువలే కావాలనుకున్నవారు సీటు సరిచేసుకుని క్లచ్ అడుగంటా తొక్కి చూడండి. మోకాలు పూర్తిగా చాచవలసి వస్తే సీటు ముందుకు జరపాలి. టెస్ట్ డ్రైవుకు మాన్యువల్ బండి లేదంటే తెప్పించమనండి. రెండు రోజులు ఆగమంటే ఆగుదాం, మనకేం, సంతకం పెట్టవలసిన హాజరు పట్టీ ఉందా? సెలవు.