కులసంఘమున కెంతటి యధికారము?



 ఏటేట ఈ వేదికపైనుండి మన కులముయొక్క పూర్వవైభవమును గూర్చియు, విద్యావ్యాప్తిని గూర్చియు మీరు వినుచునే యున్నారు. ఈయేడు ఆ సంగతులను ఇతర వక్తలకు విడిచి, మేము కొంచెము కటువైన విషయమును మీ ముందుంచుచున్నాము. మన సంఘమునకు తన సభ్యునిపై ఎంతటి యధికార ముండవచ్చును? అది యెచ్చట ఆగవలయును?

ఈ ప్రశ్న మాకు ఊరక తోచినది కాదు. సభ్యత్వ నిబంధనలకు ఒక సవరణ రేపు ఈ సభ ముందునకు రానున్నది. కులాంతర వివాహము చేసికొనినవారి పేరు సభ్యత్వపు రిజిష్టరునుండి తొలగింపవలయుననియు, వారి బిడ్డలకు వసతిగృహమున స్థలమునుగాని విద్యార్థివేతనమునుగాని ఇయ్యరాదనియు దాని సారాంశము. ప్రతిపాదించినవారు మన సంఘమునకు చాలకాలము సేవచేసిన పెద్దలు. వారి యుద్దేశమును మేము శంకింపము. తీర్మానమును మాత్రము ఒప్పుకొనజాలము. ఏల యొప్పుకొనజాలమో చెప్పుటయే మా యుపన్యాసమునకు పని.

వెలి యన నేమో నేటి పిల్ల లెఱుగరు. చాకలి బట్టలు పట్టుకొనిపోడు. మంగలి గడపకు రాడు. పొరుగింటివారు పొయ్యిలోనికి నిప్పీయరు. బావికడ చేద ముట్టనీయరు. మనవంటి నేతవాండ్రకు ఇంకొకటి కూడ నుండెడిది. వీధిలో పడుగు సాచి గంజి పెట్టునపుడు ఒక్కని చేతులు చాలవు, వాడకట్టంతయు సాయపడవలయును. వెలిపడినవాని పడుగుకు ఎవ్వరును రారు. రెండు వారములు పడుగు సాగనిచో ఆ యింట గంజికి గతి లేదు. కట్టకడపట ఇంట పీనుగు లేచినను మోయుటకు నలుగురు దొరకరు. ఇంతటి దండనమును విధించు న్యాయస్థానము కులపెద్దగారి యరుగు. ఫిర్యాదు చేసినవాడు ఆయన బావమఱది, సాక్షి ఆయన యల్లుడు, తీర్పరి ఆయనయే. తప్పు చెల్లించి, కులమునకు విందు పెట్టినచో మరల పంక్తిలో కూర్చుండనిత్తురు. ఆ తప్పుసొమ్మునకు లెక్క అడిగినవానికి మరియొక తప్పు పడెడిది!

ఆ కట్టుబాటున మేలే లేదని మేమనము. భార్యను విడిచిపెట్టిన మగనిచేత ఆమెకు కూడుగుడ్డలు ఇప్పించిన పెద్దలుండిరి. అన్నదమ్ముల పంపకములు వకీళ్ళ చేతిలో పడకుండ ఒక్క పూటలో తీర్చినవారుండిరి. కాని ఆ మేలు పెద్దవాని మంచితనముపై ఆధారపడినదే కాని, పేదవాడు హక్కుగా అడిగి పొందదగినది కాదు. పెద్ద మంచివాడైనచో న్యాయము, కానిచో లేదు.

1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహము జరిపించిరి. అట్టి వివాహమును చట్టము 1856లోనే అంగీకరించినది. అయినను వెలి తప్పలేదు. వంటవారు మానిరి. నీళ్ళు తెచ్చువారు రామనిరి. రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీళ్ళు మోసితెచ్చి వంట చేసిరి. పంతులుగారికి ఉద్యోగముండెను; కాకినాడలో పైడా రామకృష్ణయ్యగారివంటి ధనికుని సహాయముండెను. కావున నిలువగలిగిరి. నెల జీతము లేని ఒక నేతవాడు ఆ స్థానముననున్నచో ఎన్నాళ్ళు నిలువగలిగియుండును?

చట్టములు ఈ విషయమున చాల తడవుకొనినవి. కులము పోయినంతమాత్రమున ఆస్తిహక్కు పోరాదని 1850లో ఒక చట్టము పుట్టినది. ఆస్తి నిలిచినది కాని పలకరింపు నిలువలేదు. బొంబాయి రాష్ట్రమువారు 1949లో వెలివేయుటనే నిషేధించిరి. దానిని 1962లో సుప్రీముకోర్టువారు, మతశాఖలకు తమ వ్యవహారములను నడుపుకొను హక్కు కలదన్న కారణమున, అధికసంఖ్యాకుల యభిప్రాయముతో కొట్టివేసిరి. పిదప మహారాష్ట్రమువారు 2016లో సాంఘిక బహిష్కారమును నేరముగా నెంచి మరియొక చట్టము చేసిరి; దాని క్రింద 3 సంవత్సరములవఱకు ఖైదు, లక్ష రూపాయలవఱకు జుల్మానా పడవచ్చును.

ఇక నేటి మాట. నేడు నిప్పును నీళ్ళను ఆపుట ఎవరి తరమును కాదు. కుళాయి పురపాలకసంఘమువారిది, గ్యాసుబండ కంపెనీవారిది. అందుచేత కులమునకు అధికారము పోయినదని కొందఱనుకొందురు. అది పోలేదు, చోటు మార్చినది. నేడది వసతిగృహపు దరఖాస్తులో నున్నది. విద్యార్థివేతనపు జాబితాలో నున్నది. కల్యాణమండపము అద్దెలో, వధూవరుల పరిచయవేదికలో, తుదకు చేతిఫోనులోని వాట్సాపు సమూహమున కూడ నున్నది. ఒక రాత్రి ఎవరో ఒకరు వ్రేలితో తట్టి పేరు తీసివేయుదురు. తెల్లవారి చూచుకొనినవానికి ఏమి తప్పు చేసితినో తెలియదు, ఎవరి నడుగవలయునో తెలియదు. అరుగుమీది పెద్దయైనను ఎదుట కూర్చుండి తిట్టెడివాడు గదా!

ఇప్పుడు తీర్మానమునకు వత్తము. కులాంతర వివాహితుల బిడ్డలకు వసతిగృహము లేదనినచో దెబ్బ ఎవరికి తగులును? పట్టణమున గది యద్దెకు తీసికొనగల తండ్రికి మన వసతిగృహముతో పని లేదు. హైదరాబాదులోను, బెంగుళూరులోను, సముద్రము దాటి డల్లాసులోను న్యూజెర్సీలోను స్థిరపడిన మనవారి యిండ్లలో అట్టి వివాహములు జరుగుచునే యున్నవి. ఆ నూతన దంపతులకు శుభాకాంక్షలు తెలుపుచు మనమే పుష్పగుచ్ఛముల నంపుచున్నాము. అది తప్పని మేమనము, సంతోషమే. కాని నేతపనిమీద బ్రతుకు తల్లి యొక్కతె తన కూతురు తన కిష్టమైనవానిని పెండ్లాడినదని, ఆ కూతురి బిడ్డ కళాశాల చదువునకు ఎడమగుట ఎటువంటి న్యాయము? నిబంధన అందఱకు నొక్కటే యనవచ్చును. దాని బరువు మోయునది పేదవా డొక్కడే.

అట్టి వివాహమును గూర్చి న్యాయస్థానము లిదివఱకే స్పష్టముగా చెప్పినవి. యుక్తవయస్సు వచ్చినవారు తమ కిష్టమైనవారిని పెండ్లాడవచ్చుననియు, తల్లిదండ్రులు కావలసినచో రాకపోకలు మానుకొనవచ్చును గాని బెదరింపరాదు, వేధింపరాదనియు సుప్రీముకోర్టు 2006లో చెప్పినది. యుక్తవయస్కులైన ఇరువురి వివాహమును అడ్డగింపబూను కులపంచాయతీల చర్య చట్టవిరుద్ధమని 2018 మార్చి 27వ తేదీని ఆ కోర్టే తీర్పు చెప్పినది. అయినను మన మిత్రుల కొక సమాధానము కలదు. దానిని దాచుట న్యాయము కాదు. పారసీకుల సహకార గృహసంఘ మొకటి తమవారినే సభ్యులుగా చేర్చుకొను నిబంధనను 2005లో సుప్రీముకోర్టు నిలిపినది. కావున సభ్యు లెవరో నిర్ణయించుకొను స్వాతంత్ర్యము సంఘమునకు కలదందురు. కలదు. మేమును కాదనము. అయినను తలుపు వద్ద ఎవరిని రానిత్తుమనుట వేరు. లోపలనున్నవాని పెండ్లిని చూచి బయటికి త్రోయుట వేరు. వాని బిడ్డను దండించుట మఱియు వేరు. మొదటిది సంఘముయొక్క స్వేచ్ఛ. కడమ రెండును వెలియే, పేరు మార్చుకొని వచ్చినది.

ఆ తీర్మానము వీగిపోయినను సభ్యులను తొలగించు సందర్భములు రాకపోవు. సొమ్ము తినినవానిని, విద్యార్థులపై చేయి చేసికొనినవానిని తొలగింపవలసినదే. అది యెట్లు చేయవలయునో చెప్పిన తీర్పు ఒకటి కలదు. బెల్గాములోని ఫ్రీమేసనుల శాఖవారు తమ సభ్యు నొకనిని బహిష్కరింపగా ఆయన కోర్టుల కెక్కెను. 1962లో సుప్రీముకోర్టున ఆ తీర్పు వ్రాసినవారు జస్టిస్ కోకా సుబ్బారావుగారు. ఆయన 1902లో రాజమహేంద్రవరమున జన్మించి, 1954లో గుంటూరున ఆంధ్ర హైకోర్టునకు మొదటి ప్రధాన న్యాయమూర్తియై, 1966లో భారతదేశ ప్రధాన న్యాయమూర్తియైన తెలుగువారు. సంఘమున చేరినవాడు దాని నిబంధనలకు లోబడవలయును. సంఘమును తన నిబంధనలను తు.చ. తప్పక పాటింపవలయును, బహిష్కారము సద్భావముతో జరుగవలయును, ఆరోపణ యేమో తెలిపి, సమాధానము చెప్పుకొనుటకు సభ్యునికి అవకాశమీయవలయును. ఇది దాని సారము. ఆ వ్యాజ్యమున ఇవి జరిగినవని తేలినందున ఆ సభ్యుడు ఓడిపోయెను. మాకు ఇది ముఖ్యముగా తోచును. నియమము పాటించిన సంఘమునకు కోర్టు అడ్డురాలేదు. సంఘపు చేతిని విఱువలేదు.

మన రెండు రాష్ట్రములందును అమలులోనున్న 2001 నాటి సంఘముల రిజిస్ట్రేషను చట్టము ప్రకారము సంఘవ్యవహారములలో తగవు వచ్చినచో సభ్యుడు మధ్యవర్తిత్వమునకు గాని జిల్లాకోర్టునకు గాని పోవచ్చును. కాని జిల్లాకోర్టునకు పోవుటకు చార్జీలైనను లేని సభ్యునికి ఆ హక్కు కాగితముమీదిది. అందుచేత మన యింటిలోనే మొదటి న్యాయము జరుగవలయును.

సుబ్బారావుగారిది ఇంకొక మాట కలదు. అది వసతిగృహమును గూర్చి చెప్పుటకు మాకు పనికివచ్చును. ఉత్తరప్రదేశమున ఖరక్ సింగను నతనిమీద దోపిడి నేరము మోపి, సాక్ష్యము లేక విడిచిరి. అయినను పోలీసులు రాత్రివేళల ఆయన తలుపు తట్టుచుండిరి. 1962లోనే ఆ కేసున అధికసంఖ్యాకులైన న్యాయమూర్తులు రాత్రి తలుపు తట్టుటను మాత్రము కొట్టివేసి, కనిపెట్టియుండు తక్కిన నియమములను నిలిపిరి. సుబ్బారావుగారు అంతటితో తృప్తిపడక, ఏకాంతము వ్యక్తిస్వేచ్ఛలో నొక భాగమేయని భిన్నాభిప్రాయము వ్రాసిరి. 2017 ఆగష్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకగ్రీవముగా ఆ హక్కును స్థాపించినది. 55 సంవత్సరములు పట్టినది!

మన వసతిగృహములలో దొంగలు లేరు, పిల్లలున్నారు. బాలికల గృహమున సాయంకాలము 6 గంటలకు తాళము పడును. బాలుర గృహమున 10 గంటలకు. గ్రంథాలయము 8 గంటలవఱకు తెఱచియుండును. కావున గ్రంథాలయము బాలురదని తేలినది! రక్షణకొఱకని చెప్పుదురు. వెలుతురు లేని దారిని బాగుచేయించుటకు ఖర్చు, తాళమునకు ఖర్చు లేదు, తేడా అంతే. సాయంకాలము ఫోనులు పెట్టెలో పెట్టించు నియమము మఱియొకటి. కేరళమున ఒక కళాశాల వసతిగృహమున ఇట్టి నియమమును పాటింపనందుకు ఒక విద్యార్థినిని వెడలగొట్టగా, 2019లో ఆ హైకోర్టు ఆమెను తిరిగి చేర్చుకొమ్మని ఆజ్ఞాపించి, ఇంటర్నెట్టు చదువునకు అవసరమైన హక్కులలో చేరునని చెప్పినది. భోజనపు వేళలు, నిశ్శబ్దపు వేళలు ఉండవలసినవే. అరువదిమంది ఒక్క కప్పుక్రింద నున్నచో అవి లేక జరుగదు. కాని నియమము ఆడపిల్లకు మగపిల్లవానికి ఒక్కటిగా నుండవలయును. దాని కారణము వారికి చెప్పవలయును.

పోషకులు మమ్ము మన్నింపవలయును. ఇది వారిని గూర్చినది. మీ దానము లేక ఈ గోడలు లేవవు. ఈ సంచిక అచ్చుపడదు. అయినను మీ సిఫారసు ఉత్తరము చేత పట్టుకొని వచ్చిన పిల్లవానికి మొదట స్థలము దొరకుట, ఎవరిని ఎఱుగని పల్లెటూరి పిల్ల మార్కులు ఎక్కువ వచ్చియు తిరిగిపోవుట మన పద్ధతిగా నున్నది. విద్యార్థివేతనమునకు మీ తలిదండ్రుల పేరు పెట్టుడు, శిలాఫలకము వేయింతుము. ఏ పిల్లవానికన్నది మాత్రము మార్కులకు, ఇంటి యాదాయమునకు విడువుడు. దాత పేరు చెప్పుకొని గడప దాటినవాడు దాతకు కృతజ్ఞుడై యుండును. తన చదువుచేత దాటినవాడు సంఘమునకు కృతజ్ఞుడగును. మన సంఘ మిరువురిలో నెవరిని కోరుకొనవలయునో మీరే చెప్పుడు.

కావున రేపటి తీర్మానమునకు బదులుగా మేము ఈ క్రింది సవరణను ప్రతిపాదించుచున్నాము. సభ్యుని వివాహము, భోజనము, నివాసము, మతవిశ్వాసము ఆతని సభ్యత్వమునకుగాని ఆతని బిడ్డల చదువునకుగాని అడ్డు కారాదు. ఏ సభ్యునినైనను తొలగింపదలచినచో ఆరోపణను వ్రాతమూలముగా తెలిపి, 30 దినముల గడువిచ్చి, ఆయన మాట వినిన పిమ్మటనే నిర్ణయింపవలయును. ఆరోపించినవారు తీర్పరులుగా కూర్చుండరాదు. నిర్ణయమునకు కారణములు వ్రాసి ప్రతి యీయవలయును. దానిపై మహాసభకు అప్పీలు చేసికొను హక్కుండవలయును. వసతిగృహపు స్థలముల జాబితా మార్కులతోను, ఆదాయముతోను సంఘకార్యాలయపు బోర్డుపై అంటింపవలయును. బాలబాలికల వసతిగృహముల వేళలు ఒక్కటియే కావలయును.

ఈ సవరణ ప్రతులు సభాద్వారమువద్ద నుంచబడినవి. దీనికి మార్పులు సూచింపదలచినవారు రేపు ఉదయము 9 గంటలలోపల కార్యదర్శిగారికి వ్రాతమూలముగా ఇయ్యవలెను. ఓటింపు రహస్యపు చీటీలతో జరుగును. సభ్యత్వపు చందా ఈయేటివఱకు చెల్లించిన స్త్రీపురుషు లందఱును పాల్గొనవచ్చును.