బడిలో బిడ్డ నోరు విప్పుటకు
(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



తల్లులు మాతో తరచు చెప్పుకొను మాట ఒకటి కలదు. “ఇంట్లో వీడి నోటికి తాళం వెయ్యలేము. బడిలో మాత్రం అయ్యవారు పేరడిగినా తల దించుకుంటాడంట.” ఈ మాట వినినప్పుడెల్ల మేము నవ్వి, పెరిగినచో సరియగునని సమాధానము చెప్పెడివారము. అట్లు చెప్పుట పొరపాటని ఇప్పుడు తోచుచున్నది. ఒకటవ తరగతిలో మూతపడిన నోరు అయిదవ తరగతి నాటికి తనంత తాను తెరచుకొనుట మేము చూచినది అరుదు. నోరు మంచిదైన ఊరు మంచిదగునని పెద్దలన్నారు గాని, నోరే తెరువని బిడ్డకు ఏ ఊరు మంచిదగును?

మన తిరుత్తణి బిడ్డ సంగతి తక్కిన చోట్ల బిడ్డల సంగతివంటిది కాదు. ఈ తాలూకా 1911లో చిత్తూరు జిల్లాతో చేరినది. 1953లో ఆంధ్ర రాష్ట్రములో నుండినది. 1960 ఏప్రిలు 1వ తేదీన మద్రాసు రాష్ట్రమునకు మారినది. 1997 నుండి తిరువళ్ళూరు జిల్లాలో నున్నది. సరిహద్దు గీత మారినది గాని మన వంటయిండ్లలోని మాట మారలేదు. ఇంట తెలుగు, వీధిలో తమిళము, పుస్తకముల సంచిలో ఆంగ్లము. 2006–07లో ఒకటవ తరగతితో మొదలై ఏడాదికొక తరగతి చొప్పున తమిళము అందరికిని తప్పనిసరి యయ్యెను. దానిపై మాకు తగవు లేదు. తమిళము మన ఇరుగుపొరుగుల భాష, మన పిల్లల జీవనోపాధికి కావలసిన భాష. ప్రాథమిక దశలో అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధన సౌకర్యము కల్పించుటకు రాష్ట్రములు యత్నించవలెనని 1956లో రాజ్యాంగమున చేర్చిన 350–ఎ అధికరణము చెప్పుచున్నది. ఆ హక్కును గూర్చి ఈ వేదికపై చాలమంది మాట్లాడియున్నారు. మేము నేడు మాట్లాడునది హక్కు చేతికి వచ్చిన పిమ్మట, తెలుగు తరగతి గదిలో నిజముగా ఏమి జరుగుచున్నది అను దానిని గూర్చి.

మా సంగతియే చెప్పెదము. మేము ఒకటవ తరగతిలో నుండగా అయ్యవారు ఒక బొమ్మ చూపి ఇదేమని అడిగిరి. మేము ఉత్సాహముతో లేచి “ఎర్రగడ్డ” అంటిమి. పుస్తకములో “ఉల్లిపాయ” అని యుండెను. అయ్యవారు నవ్విరి, వారు నవ్విరి గనుక గదియంతయు నవ్వెను. వారు చెడ్డవారు కారు, మాకు అక్షరములు దిద్దించినవారే. కాని ఆ సంవత్సరమంతయు మేము మరల చేయి ఎత్తలేదు. ఎర్రగడ్డ తప్పుమాట కాదనియు, చిత్తూరు సీమలో ఇంటింటను ఆ మాటయే యున్నదనియు తెలియుటకు మాకు ఇరువది యేండ్లు పట్టెను. చెనిక్కాయ, ఉర్లగడ్డ, అవ్వ — ఈ మాటలతోనే మన బిడ్డ బడి గడప తొక్కును. అవి తప్పులని మొదటి వారముననే తెలిసికొనిన బిడ్డ, తక్కిన మాటలుకూడ తప్పులేమో యని జంకును. మాట్లాడకుండుటయే క్షేమమనుకొనును. దానిని మనము అణకువ యని మెచ్చుకొందుము!

ఈ చిక్కును నూరేండ్లకు మునుపే కనిపెట్టినవాడు మన తెలుగువాడే. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, కొండలలోని సవర పిల్లలకు చదువు చెప్పదలచిరి. వారికి తెలుగు నేర్పి పిమ్మట చదువు చెప్పవచ్చునని ఇతరులు అనుకొనిన కాలమది. పంతులుగారు ముందు తాము సవర భాష నేర్చుకొనిరి. ఆ భాషలో పాఠపుస్తకములు వ్రాసిరి, తమ సొంత వ్యయముతో బడులు నడిపిరి. వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా వారిని అందరును ఎరుగుదురు. పిల్లవాని నోటిలోని భాషయొద్దకు ముందు ఉపాధ్యాయుడే నడచి పోవలెనని వారు చేసి చూపిన పని మాకు అంతకంటె గొప్పగా తోచును. వారి ఊరును 1936లో ఒరిస్సా రాష్ట్రములో చేరినది. సరిహద్దు మార్పు ఎట్టిదో వారికిని తెలియును.

ఇక తరగతి గదిలో సంభాషణ యనగా నేమి? ప్రశ్న వేయుట సంభాషణ కాదు. “కొండకు మెట్లెన్ని?” అని అయ్యవారు అడుగును. ముందు బల్లమీది పిల్లవాడు “మూడు వందల అరవై అయిదు” అనును. “భేష్, కూర్చో.” అది పరీక్ష. సమాధానము అయ్యవారికి ముందే తెలియును. పిల్లవానికిని ఆ సంగతి తెలియును. దానికి బదులు ఇట్లు అడిగినారనుకొనుడు: “ఆడికృత్తికకు మీ ఇంట్లో ఎవరైనా కావడి ఎత్తినారా?” “మా మామ ఎత్తినాడు.” “మెట్లెక్కేటప్పుడు నువ్వేం చేసినావు?” “మెట్లు కాలతా ఉన్నాయని మా అవ్వ నీళ్ళు పోసింది. నేనూ పోసినాను.” “ఓహో, మెట్లు ఎండకు కాలుతున్నాయని నువ్వూ మీ అవ్వా కావళ్ళు మోసేవాళ్ళ కాళ్ళమీద నీళ్ళు పోసినారా! నీళ్ళు ఎక్కడినుంచి తెచ్చినారు?”

ఇందు జరిగినదేమో గమనింపుడు. అయ్యవారికి తెలియని సంగతి బిడ్డకు తెలిసియున్నది. బిడ్డ చెప్పిన ముక్కలను అయ్యవారు నిండు వాక్యముగా చేసి తిరిగి యిచ్చిరి. తప్పని అనలేదు, దిద్దలేదు. “కాలతా” అని బిడ్డ అన్నది, “కాలుతున్నాయి” అని చెవిని పడినది. చెనిక్కాయ అనిన బిడ్డకు “అవును, ఈ వేరుశెనగ కాయలు మీ చేలోవేనా?” అని బదులు చెప్పినచో రెండు మాటలును బిడ్డవే యగును. నడుమ తమిళపు మాట దొర్లినను కంగారు పడనక్కరలేదు. కావడి, తేరు అను మాటలు రెండు భాషలకును ఉమ్మడి సొత్తు గదా!

ప్రశ్న వేసిన పిమ్మట ఆగుట మరియొక విద్య. అమెరికా దేశమున మేరీ బడ్ రో అను ఆమె 1970 దశకమున తరగతి గదులలోని మాటలను యంత్రముపై నమోదు చేయించి పరిశీలించెను. ఉపాధ్యాయులు ప్రశ్న వేసి ఇంచుమించు ఒక్క సెకను మాత్రమే ఆగుచున్నారని తేలెను. 3 సెకన్లు ఆగినచోట పిల్లల సమాధానములు పొడవయ్యెను. మూగగా నుండువారు తగ్గిరి. వెనుకబడినవారని పేరుపడిన పిల్లలు సైతము మాట్లాడసాగిరి. ఇంట తెలుగు, వీధిలో తమిళము వినిన బిడ్డ తనకు కావలసిన మాటను రెండు అరలలో వెదకుకొనవలెను. వానికి ఆ మూడు సెకన్లు మరింత అవసరము. మేము ఈ సంగతి చదివి, మా మనుమరాలిని ప్రశ్న అడిగి మనసులో మూడు లెక్కించి చూచితిమి. మూడు అనునంతలో మా నాలుక ఎంత తొందరపడినదో చెప్పలేము!

న్యూజిలాండులో సిల్వియా ఆష్టన్–వార్నర్ అను ఉపాధ్యాయిని మావోరీ పిల్లలకు చదువు నేర్పిన తీరును 1963లో పుస్తకముగా వ్రాసెను. ప్రతి దినమును ఒక్కొక్క బిడ్డను దగ్గరకు పిలిచి, నీకేమాట కావలెనని అడిగి, ఆ మాటను అట్టముక్కపై వ్రాసి ఆ బిడ్డ చేతికే ఇచ్చును. మరునాడు బిడ్డ దానిని గుర్తింపకున్నచో ఆ ముక్కను పారవేయును. ఆ మాట బిడ్డ మనసులోనిది కాదన్నమాట. ఇట్లు మాట్లాడిన మాటయే చదువునకు తొలి అక్షరమయ్యెను. మన ఇండ్లలో పాత పెండ్లిపత్రికల అట్టలకు కొదువ లేదు.

“మాటలాడించుచు కూర్చున్నచో పాఠము లెప్పుడు పూర్తియగును?” అని ఉపాధ్యాయ మిత్రులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. దినమునకు పది నిమిషములు చాలును. పిల్లలు ఎక్కువగానున్న గదిలో ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుండి ఒకరికొకరు చెప్పుకొనవచ్చును. కొంత సందడి యగును, నిజమే. మన తెలుగు తరగతులలో పిల్లల సంఖ్య తగ్గినదని మనకందరకును దిగులు. ఆ దిగులులోనే ఒక సదుపాయము కలదు. పదిమంది యున్న గదిలో ప్రతి బిడ్డకును ప్రతి దినమును మాట్లాడుటకు వంతు వచ్చును.

తెలుగు ఎక్కువగా మాట్లాడించినచో తమిళము వెనుకబడునేమో యని తండ్రులు భయపడుదురు. జరిగిన సంగతిని మొదటినుండి తుదివరకు వరుసగా చెప్పుట ఒక భాషలో అలవడిన బిడ్డకు, రెండవ భాషలో కావలసినవి మాటలు మాత్రమే. చెప్పు నేర్పు ముందే యుండును. తెలుగులోనే బెదరిన బిడ్డ తమిళ తరగతిలోను బెదరుచునే యుండును.

ఒక సంగతి చెప్పక తప్పదు. 1888లో ఈ ఊరనే తెలుగింట పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితుని పేర ఏటేట సెప్టెంబరు 5న మన పిల్లలచే ఉపన్యాసములు చెప్పించుదుము. అవి పెద్దలు వ్రాసి యిచ్చినవి, పిల్లలు బట్టీపట్టినవి. మధ్యలో ఒక్క మాట మరచినచో బిడ్డ కంటనీరు పెట్టుకొనును. దానిని ధైర్యము నేర్పుట యందుమా? సభలో గొప్పగా వల్లించిన బిడ్డయే, దిగి వచ్చిన పిమ్మట “నీ కేది ఇష్టము?” అని అడిగినచో తల్లి ముఖము చూచుటను మేమెరుగుదుము.

మద్రాసు రేడియోలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు — పిల్లల నోట రేడియో అన్నయ్య, అక్కయ్య — తెలుగు పిల్లలచేతనే కార్యక్రమములు నడిపించిన సంగతి వృద్ధులకు జ్ఞాపకముండును. వారు 1945లో “బాల” పత్రికనుకూడ ప్రారంభించిరి. పిల్లల గొంతు పిల్లలదిగానే వినవచ్చుట వారి ఘనత. మనకు రేడియో కేంద్రము లేదు, చాపలు కలవు.

కనుక వచ్చు నెల మొదటి ఆదివారమునుండి సంఘపు గదిలో ఉదయము ఒక గంట సేపు అయిదు మొదలు ఎనిమిదేండ్ల పిల్లలకు మాటల కూటము జరుపుదుము. పుస్తకము తేనక్కరలేదు. ఇంటినుండి ఒక వస్తువు తేవలెను. పళ్ళిపట్టు, పొదటూరుపేట వైపు మగ్గముల ఇండ్లవారు ఒక నాడెనో కండెనో తెచ్చినచో, అది ఎట్లు పనిచేయునో మేము నిజముగా ఎరుగము. బిడ్డలే మాకు చెప్పవలెను. కూటమునకు వచ్చు పెద్దలకు నియమములు రెండే. బిడ్డ మాటకు నవ్వరాదు. ప్రశ్న వేసిన పిమ్మట మనసులో మూడు లెక్కించవలెను. తల్లులు గడపయొద్ద నిలిచి మాటలందింపక, బయట అరుగుమీద కూర్చుండవలెనని మనవి. కాఫీ ఏర్పాటు చేయుదుము.