సభను పిలిచేదెవరు?



రాజ్యాంగం మీద మాట్లాడమని పిలిచారు. మొత్తం రాజ్యాంగం గురించి మొదలుపెడితే మీకూ నాకూ ఈ రాత్రి భోజనం ఉండదు. ఒక్క ప్రశ్నతో సరిపెడతాను. మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహించాలని ఆర్టికల్ 75(3) చెబుతోంది. మరి జవాబు చెప్పించుకోవాల్సిన ఆ సభను పిలిచేదెవరు? రాష్ట్రపతి, అంటుంది ఆర్టికల్ 85. రాష్ట్రపతి ఎవరి సలహా మీద నడుచుకోవాలి? మంత్రిమండలి సలహా మీద, అంటుంది ఆర్టికల్ 74. మూడూ కలిపి చదివితే తేలేదేమిటంటే, బాకీ ఉన్న మనిషే పంచాయితీ ఏ రోజు పెట్టాలో చెబుతున్నాడు. మన పార్లమెంటరీ వ్యవస్థకు వచ్చిన పెద్ద జబ్బుల్లో సగం ఇక్కడ పుట్టినవేనని నా అభిప్రాయం. మెజారిటీని ఎక్కడ లెక్కపెట్టాలన్న తగువు కోర్టులు తీర్చేశాయి. ఎప్పుడు లెక్కపెట్టాలన్నది మాత్రం ఇంకా తెగలేదు.

ఈ మాట నంద్యాలలో చెప్పడానికి ఒక కారణం ఉంది. ఈ కథలో ముఖ్యమైన ముగ్గురు మనుషులు ఈ నియోజకవర్గం నుంచే లోక్‌సభకు వెళ్లారు: నీలం సంజీవరెడ్డి, పెండేకంటి వెంకటసుబ్బయ్య, పి.వి. నరసింహారావు. ఒకరు రాష్ట్రపతిగా, ఒకరు గవర్నరుగా, ఒకరు ప్రధానిగా ఈ ప్రశ్నకు ఎదురుపడ్డారు.

ముందు పునాది సంగతి. రాజ్యాంగ సభలో 1949లోనే ఈ లోపం కె.టి. షా కంటపడింది. రాష్ట్రపతి సభను పిలవకుండా కాలం గడిపితే సభాధ్యక్షులే పిలుచుకునే వీలుండాలని ఆయన సవరణ పెట్టారు. నెగ్గలేదు. ఏడాదికి రెండు సమావేశాలన్నది కనీసం మాత్రమేనని, అసలు భయపడాల్సింది సమావేశాలు మరీ ఎక్కువై సభ్యులే విసిగిపోతారేమోనని అన్న ధోరణిలో అంబేద్కర్ జవాబిచ్చారు. అంతటి మేధావి అంచనా ఇంతగా తలకిందులైన చోటు రాజ్యాంగంలో మరొకటి ఉందా అని నాకు సందేహం. మొదటి లోక్‌సభ 677 రోజులు కూర్చుంది. 2024లో ముగిసిన పదిహేడో లోక్‌సభ కూర్చున్నది 274 రోజులు. 2020లో కోవిడ్ పేరుతో శీతాకాల సమావేశమే ఎత్తేశారు. ఏడాదికి రెండుసార్లన్న ఆ కనీసపు షరతును కూడా 1951లో మొదటి సవరణ తీసేసింది. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు దాటకూడదన్న ఒక్క గడువే మిగిలింది.

ఇక సంజీవరెడ్డిగారు. 1977 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు వెళితే, జనతా గెలిచిన ఆ ఒక్కటీ నంద్యాల. ఇక్కడ గెలిచి స్పీకరయ్యారు, కొద్ది నెలల్లోనే పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. సభ విలువ ఆయనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. 1967లో మొదటిసారి స్పీకరైనప్పుడు పార్టీ సభ్యత్వానికే రాజీనామా ఇచ్చిన మనిషి.

1979 జులైలో అవిశ్వాస తీర్మానం మీద ఓటింగు జరగకముందే ప్రధాని మొరార్జీ దేశాయ్ తప్పుకున్నారు. ప్రతిపక్ష నాయకుడు వై.బి. చవాన్‌ను ప్రభుత్వం ఏర్పాటు చేయమంటే ఆయన వల్ల కాలేదు. తరువాత మొరార్జీనీ చరణ్‌సింగ్‌నూ మద్దతుదారుల జాబితాలు ఇమ్మన్నారు. ఆ రెండు జాబితాలను రాష్ట్రపతి భవన్‌లో పక్కపక్కన పెట్టుకుని చూసి, చరణ్‌సింగ్ వైపు మొగ్గారు. జులై 28న ప్రమాణ స్వీకారం. ఆగస్టు మూడో వారంలోగా సభ విశ్వాసం పొందాలన్నది రాష్ట్రపతి పెట్టిన షరతు. రాజ్యాంగంలో ఎక్కడా లేని ఆ గడువు పెట్టడం మంచి పనే. లోక్‌సభ ఆగస్టు 20న మొదలుకావాలి. సరిగ్గా అప్పుడే ఇందిరా కాంగ్రెస్ మద్దతు లేదని తేల్చేసింది. చరణ్‌సింగ్ సభ ముఖం చూడకుండానే 20న రాజీనామా ఇచ్చారు, పోతూ పోతూ లోక్‌సభను రద్దు చేయమని సలహా ఇచ్చారు. జనతా నాయకుడు జగ్జీవన్‌రామ్ తనకు అవకాశం ఇమ్మంటూ ఎదురుచూస్తున్నారు. రాష్ట్రపతి 22న సభను రద్దు చేశారు. ఆపద్ధర్మ ప్రధానిగా చరణ్‌సింగ్ 1980 జనవరి దాకా కుర్చీలో ఉన్నారు.

ఈ నిర్ణయాన్ని సమర్థించే వాదన నాకు తెలుసు. ఎవరికీ మెజారిటీ లేని సభను ఎన్ని రోజులు లాగుతారు, జనం దగ్గరికి వెళ్లడమే మేలు కదా అంటారు. కానీ మెజారిటీ లేదని ఎవరు లెక్కపెట్టారు? ఒక్కసారి కూడా సభలో విశ్వాసం నిరూపించుకోని ప్రధాని సలహా మీద, ఆ విశ్వాసం ఇవ్వాల్సిన సభనే రద్దు చేశారు. స్పీకరుగా పనిచేసిన రాష్ట్రపతి చేతుల మీదుగా అది జరిగింది. ఆయన మీద గౌరవం తగ్గించుకోకుండానే ఆ పని తప్పని నేను అంటాను.

1984 ఆగస్టు గురించి మీకు నేను చెప్పాల్సిన పనిలేదు, ఈ హాల్లో సగం మంది ఆ నెల రోజులు రోడ్ల మీదే ఉన్నారు. రెండు గడువులు మాత్రం పక్కపక్కన పెట్టి చూడండి. సభలో బలం చూపిస్తానన్న ముఖ్యమంత్రి ఎన్టీఆర్‌కు గవర్నర్ రాంలాల్ ఒక్క రోజు ఇవ్వలేదు, ఆగస్టు 16న తొలగించారు. ఆయన స్థానంలో కొత్తగా వచ్చిన నాదెండ్ల భాస్కరరావుకు మాత్రం నెల రోజులు దొరికాయి. ఆ నెల రోజులూ ఎమ్మెల్యేలను స్టూడియోల్లో, పక్క రాష్ట్రం కర్ణాటకలో కాపాడుకోవాల్సి వచ్చింది. సభ పెట్టాల్సిన రోజు సభ పెడితే క్యాంపులతో పనేముంది?

ఐదేళ్ల తరువాత అదే కర్ణాటకలో పెండేకంటిగారు గవర్నరు. 1989 ఏప్రిల్‌లో 19 మంది శాసనసభ్యులు ముఖ్యమంత్రి బొమ్మై ప్రభుత్వానికి మద్దతు లేదంటూ సంతకాలు పెట్టిన ఉత్తరాలు ఆయన దగ్గరికి చేరాయి. 19వ తేదీన ఢిల్లీకి నివేదిక వెళ్లింది. మర్నాడే వాళ్లలో ఏడుగురు, మాచేత మాయమాటలు చెప్పి సంతకాలు పెట్టించారని మాట మార్చారు. బొమ్మై వచ్చి, 27న సభ ఎలాగూ ఉంది, కావాలంటే ఇంకా ముందే పెట్టండి, నా బలం చూపిస్తానన్నారు. ఏడుగురు సంతకాలు వెనక్కి తీసుకున్నాక ఎవరైనా కాస్త ఆగి చూస్తారు. గవర్నరు ఆగలేదు. ఆ ఊగిసలాటే ప్రభుత్వం నిలవదనడానికి రుజువని 20న ఇంకో నివేదిక పంపారు. 21న రాష్ట్రపతి పాలన. వారం రోజులు ఓపిక పట్టి ఉంటే మన న్యాయశాస్త్రానికి బొమ్మై తీర్పే ఉండేది కాదు. అందుకు ఆయనకు కృతజ్ఞత చెప్పాలో ఏమో!

1994 మార్చి 11న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ప్రభుత్వానికి మెజారిటీ ఉందా లేదా అన్నది గవర్నరు సొంత అభిప్రాయంతో తేలే విషయం కాదు, సభలోనే తేలాలి. అప్పటినుంచి కోర్టులు గడియారం కూడా చేతిలోకి తీసుకున్నాయి. 2018లో కర్ణాటకలో యెడియూరప్పకు గవర్నరు పదిహేను రోజులిస్తే, సుప్రీంకోర్టు మర్నాడు సాయంత్రం నాలుగింటికి బలపరీక్ష పెట్టమంది. మరుసటి ఏడాది మహారాష్ట్రలోనూ ఒక్క రోజు గడువే. రెండుచోట్లా ముఖ్యమంత్రులు ఓటింగు దాకా రాకుండానే దిగిపోయారు. బాగానే ఉంది. కానీ ప్రతిసారీ అర్ధరాత్రి సుప్రీంకోర్టు తలుపు తట్టి సభ తేదీ తెచ్చుకోవడం రాజ్యాంగ పద్ధతి ఎలా అవుతుంది?

సభ నడుస్తున్నప్పుడైనా పని సులువుగా జరుగుతుందా అంటే, 2018 మార్చి గుర్తు చేసుకోండి. ప్రత్యేక హోదా కోసం వైఎస్సార్ కాంగ్రెస్, తెలుగుదేశం కేంద్రం మీద అవిశ్వాస నోటీసులు ఇచ్చాయి. అవిశ్వాస తీర్మానమన్న మాటే రాజ్యాంగంలో లేదు, అది లోక్‌సభ నియమావళిలోని 198వ నియమం. నోటీసు వచ్చాక స్పీకరు అడిగినప్పుడు అనుకూలమైనవాళ్లు తమ చోట్ల లేచి నిలబడాలి. యాభై మందికి తగ్గకపోతే తీర్మానానికి అనుమతి, పది రోజుల్లోగా చర్చ. నియమం ఇంత తేట. కానీ ఆ రోజుల్లో రిజర్వేషన్ల కోసం తెరాస సభ్యులు, కావేరి కోసం అన్నాడీఎంకే సభ్యులు ప్లకార్డులతో పోడియం ముందు నిలబడి ఉన్నారు. సభ సజావుగా లేదు, ఎవరు తీర్మానం కోసం నిలబడ్డారో, ఎవరు నినాదాల కోసం నిలబడ్డారో లెక్కపెట్టలేనని స్పీకరు సుమిత్రా మహాజన్ వాయిదా వేశారు. రోజూ నోటీసు, రోజూ వాయిదా. అలా సమావేశమే అయిపోయింది. అదే తీర్మానం జులైలో మొదటి రోజే అనుమతి పొందింది, 20న 126–325తో ఓడిపోయింది. ప్రభుత్వానికి ప్రమాదమే లేని తీర్మానానికే ఇన్ని తిప్పలు.

సభలో లెక్కపెడితే అంతా శుద్ధమని కూడా నేననను. 1993 జులై 28న నంద్యాల ఎంపీ పి.వి. ప్రధానిగా అవిశ్వాస తీర్మానాన్ని ఎదుర్కొని 265–251తో నిలబడ్డారు. ఆ ఓట్ల వెనక లంచాల కేసు ఢిల్లీ హైకోర్టు 2002లో ఆయన్ను నిర్దోషిగా తేల్చేదాకా నడిచింది. లంచం తీసుకుని సభలో ఓటేసినవాళ్లకు రక్షణ ఉందన్న 1998 నాటి తీర్పును మాత్రం 2024 మార్చిలో ఏడుగురు న్యాయమూర్తులు కొట్టేశారు. అది వేరే ఉపన్యాసం.

మరి సభను పిలిచే అధికారం గవర్నరుకో రాష్ట్రపతికో సొంతంగా ఇచ్చేద్దామా? వద్దు. అరుణాచల్‌లో అది చూశాం. 2016 జనవరిలో జరగాల్సిన సమావేశాన్ని గవర్నరు తనంతట తాను అంతకుముందు డిసెంబరుకు జరిపారు. నబాం రెబియా కేసులో సుప్రీంకోర్టు ఆ పని చెల్లదంది. సరైన తీర్పే. అటు 2020లో రాజస్థాన్ మంత్రివర్గం సభను పిలవమని కోరితే, ఇరవై ఒక్క రోజుల నోటీసు కావాలని గవర్నరు తిప్పి పంపారు. అంటే ఆ తాళం ఎవరి చేతికిచ్చినా అటో ఇటో లాగుతున్నారు. ఇవ్వాల్సింది సభ్యుల చేతికే.

ఇదేమీ కొత్త ఊహ కాదు. జర్మనీలో మూడో వంతు సభ్యులు కోరితే బుండెస్టాగ్ అధ్యక్షుడు సభను పిలిచి తీరాలి. అంత దూరం ఎందుకు, మన మండల పరిషత్ అధ్యక్షుడి మీద సగానికి తగ్గని సభ్యులు అవిశ్వాస నోటీసు ఇస్తే, సమావేశం పెట్టేది ఆ అధ్యక్షుడు కాదు, ఆర్డీఓ. ఇక్కడున్న న్యాయవాదుల్లో ఆ నోటీసుల మీద హైకోర్టుకు వెళ్లని వాళ్లు తక్కువ. ఇంకా దగ్గరగా చూస్తే రాజ్యాంగంలోనే ఉంది. ఎమర్జెన్సీ అనుభవం తరువాత వచ్చిన 44వ సవరణ, ఆర్టికల్ 352లో ఎనిమిదో ఉపనిబంధన పెట్టింది. ఎమర్జెన్సీని తిరస్కరించే తీర్మానం పెడతామని లోక్‌సభ సభ్యుల్లో పదోవంతు మంది రాసిస్తే, సభ నడుస్తుంటే స్పీకరుకు, లేకపోతే రాష్ట్రపతికి, ఆ నోటీసు అందిన పద్నాలుగు రోజుల్లో ప్రత్యేక సమావేశం జరిగి తీరాలి. మంత్రిమండలి సలహాతో నిమిత్తం లేదు. ఆ సవరణ మీద 1979 ఏప్రిల్‌లో సంతకం పెట్టింది సంజీవరెడ్డిగారే. నాలుగు నెలలు తిరక్కముందే ఆయనకు అలాంటి నిబంధనే అవసరమైంది. అది 75లో లేదు, 352లో ఉంది.

నేననేది, అదే వాక్యాన్ని 75కూ, రాష్ట్రాల కోసం 164కూ తెచ్చి చేర్చమని. పదోవంతు మరీ తక్కువ, ప్రతిపక్షాలు నెలకోసారి సభ పెట్టిస్తాయంటారా? జర్మనీలాగా మూడో వంతు పెట్టండి. ఒకసారి ఓడిన తీర్మానం ఆరు నెలల దాకా మళ్లీ రాకూడదనండి. వాటి మీద బేరమాడడానికి నాకు అభ్యంతరం లేదు. పద్నాలుగు రోజుల మీద మాత్రం బేరం వద్దు. అంతకంటే ఎక్కువిస్తే ఆ గడువులో బస్సులు ఎటు బయల్దేరతాయో 1984లోనే చూశాం.