కర్ర పట్టే ముందు

(కోటబొమ్మాళిలో మన పేట పిల్లలకి కర్రసాము నేర్పడం మొదలెడుతున్న సందర్భంగా ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం)



రేపట్నుంచి సాయంత్రం పూట ఇక్కడ కర్రసాము నేర్పుతామంటే పేటలో రెండు మాటలు వినబడ్డాయి. ఒక పెద్దాయన "మేస్టారూ, గుంటలకి పుస్తకాలిచ్చారు, బాగుంది. కర్రలెందుకు బావూ? రేపు కేసులెడితే ఎవుడొస్తాడు?" అన్నాడు. ఒక కుర్రాడు "నేర్చుకున్నాక ముందు ఎవుణ్ణి కొట్టాల?" అన్నాడు. పెద్దాయనది భయం. కుర్రాడిది కోపం. రెండూ నాకు తెలుసు. రెంటితోనూ బతికినవాణ్ణి.

నా చిన్నప్పుడు మా ఊళ్ళో జాతరకి సాముగరిడీ జరిగేది. డప్పు మా అయ్యది. ఆ దెబ్బకే వాళ్ళ అడుగులు లేచేవి. గరిడీలోకి మాత్రం మనం అడుగెట్టకూడదు. ఒకసారి జారిపడిన కర్రని నేను తీసిచ్చాను. నాకప్పుడు పదేళ్ళు. నీళ్ళతో కడిగి మరీ పట్టుకున్నారు. మా అయ్య తలొంచుకుని వాయిస్తూనే ఉన్నాడు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. మేస్టారునయ్యాక కూడా పెద్దకులపోడు ఎదురొస్తే సైకిలు దిగిపోయేవాణ్ణి. చదువు బుర్రకెక్కింది గాని వెన్నుకెక్కలేదు. భయం ఒంట్లో కాపురముంటాది. అందుకే ఒంటికి కూడా చదువు చెప్పాల.

ఇది మనం కనిపెట్టిందేం కాదు. పూనాలో లహూజీ సాల్వే (1794–1881) అనే ఆయన తాలీం నడిపాడు. తాలీమంటే మన గరిడీయే. ఆయన మాంగు కులస్థుడు. మనకి మాదిగలెలాగో అక్కడ మాంగులలాగ. జ్యోతిరావు ఫూలే కుర్రతనంలో ఆయన దగ్గరే సాము నేర్చుకున్నాడు. 1848 నుంచి ఫూలే, సావిత్రీబాయి బడులు పెడుతుంటే లహూజీ ఆ బడులకి అండగా నిలిచాడు, తన వాడ పిల్లల్ని పంపాడు. అక్కడ చదివిన మాంగు పిల్ల ముక్తా సాల్వే తన జనం కష్టాల మీద రాసిన వ్యాసం 1855లో 'జ్ఞానోదయ' పత్రికలో అచ్చయింది. చూశారా, గరిడీ బడికి కాపలా కాసింది.

కోపంగా ఉన్న తమ్ముడికి ఇంకో సంగతి చెప్పాల. 1927 మార్చిలో మహద్‌లో అంబేద్కర్, వేలమంది జనం చవదార్ చెరువు నీళ్ళు తాగారు. తర్వాత అగ్రకులాలవాళ్ళు మనవాళ్ళ మీద పడి కొట్టారు. మనవాళ్ళలో పట్టాళంలో పనిచేసొచ్చిన మహర్లున్నారు. తిరిగి కొట్టడం వాళ్ళకి చేతకాక కాదు. బాబాసాహెబ్ ఆగమన్నారు, ఆగారు. చేతకానివాడు ఆగితే భయం. చేతనైనవాడు ఆగితే శీలం. మనం ఇక్కడ నేర్పేది ఆ ఆగడమే.

మరి లక్ష్మీపేట సంగతేటి అని అడుగుతారు. 2012 జూన్ 12న, అప్పటికి మన జిల్లాలోనే ఉన్న వంగర మండలంలో, మడ్డువలస రిజర్వాయరు మిగులు భూమి తగాదాలో అయిదుగురు దళితుల్ని చంపేశారు. కర్రసాము వచ్చుంటే వాళ్ళు బతికేవారా? అవునని అబద్ధం చెప్పలేను. గుంపు ఆయుధాలతో మీదపడితే కర్ర ఆపదు. మన రక్షణ భూమి పట్టాలో ఉంది, 1989 అట్రాసిటీ చట్టంలో ఉంది, మన ఐక్యతలో ఉంది. కాని పోలీసుస్టేషను మెట్లెక్కాలన్నా, కోర్టులో వాడి ఎదురుగా నిలబడి సాక్ష్యం చెప్పాలన్నా కాళ్ళు వణకకూడదు. ఆ కాళ్ళు ఇక్కడ తయారవ్వాల.

కట్టుబాట్లు వినండి. మొదటి నెల నిలబడడం, అడుగు వెయ్యడం, ఎదుటివాడి కళ్ళలోకి చూడడం, అంతే. తర్వాతే కర్ర. మాల, మాదిగ, రెల్లి పిల్లలంతా ఒకే వరస. బడి మానేసినవాడికి ఇక్కడ చోటు లేదు. తాగొచ్చినవాడికి లేదు. ఇంట్లో పెళ్ళాం మీద చెయ్యెత్తినవాడి కర్ర ఆ రోజే తీసేస్తాం. ఆడపిల్లలకీ నేర్పుతాం. "ఆడగుంటకి కర్రేటి?" అనేవాళ్ళకి ఒకటే జవాబు. ఆమదాలవలస పక్కన ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి ఒలింపిక్ కాంస్యం తెచ్చింది.

పెద్దాయనా, కేసుల గురించి భయపడ్డావు. ఆ భయం ఉత్తిది కాదు. అందుకే ఏ కర్రా ఇంటికెళ్ళదు. అన్నీ కమ్యూనిటీ హాల్లోనే ఉంటాయి. తాళంచెవి నీ దగ్గరే పెడుతున్నాం. ఎవరొచ్చారో, ఎన్ని కర్రలు తిరిగొచ్చాయో రోజూ పుస్తకంలో రాస్తాం.

మా అయ్య ఇప్పుడు లేడు. ఆయన డప్పు మా ఇంట్లో గోడకుంది. రేపు దాన్ని దించి, కాచి తెస్తాను. ఈసారి ఆ దెబ్బకి మన పిల్లల అడుగులు లేవాల.

జైభీమ్.