ముక్తార్‌నామా ఇచ్చాం, వెనక్కు తీసుకోవడం ఎలా?

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము న్యాయవాదులం కాము. ఉర్దూ బడిలో పాఠాలు చెప్పుకునే వాళ్ళం. అయినా సాయంత్రమైతే కాగితాలు చదివించుకోవడానికి మన వాళ్ళు మా ఇంటికి వస్తుంటారు. ఆ కాగితాల్లో తరచు కనబడేది జి.పి.ఎ., అనగా జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ. మన పెద్దలు దీనినే ముక్తార్‌నామా అనేవారు. దాన్ని రాసి ఇవ్వడం అందరికీ తెలుసు. వెనక్కు తీసుకోవడమే తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు.

జగ్గయ్యపేట, నందిగామ వైపు నుంచి గల్ఫ్ దేశాలకు పోయిన మన పిల్లలు ఉన్నారు. పోయేముందు అన్నకో, బావమరిదికో ముక్తార్‌నామా రాసి ఇస్తారు. ఇంటిపన్ను కట్టాలి, అద్దె వసూలు చేయాలి, ఆఫీసులకు తిరగాలి. ఇవ్వడంలో తప్పు లేదు. అయితే మనవి హైదరాబాదు - విజయవాడ రహదారి మీది ఊళ్ళు. 2014లో రాజధాని మాట వచ్చిన తర్వాత ఇక్కడి భూమికి ధర వచ్చింది. ధర వచ్చినచోట అన్నదమ్ముల మధ్య అనుమానం కూడా వచ్చింది.

ఒక ముసలి తల్లి మా వద్దకు వచ్చింది. ఆమె కొడుకు కువైట్ నుంచి అన్నకు ఫోను చేసి, "ఈరోజు నుంచి నీకు నా ఆస్తి మీద ఏ అధికారమూ లేదు" అని చెప్పాడు. అంతటితో పని అయిపోయిందనుకున్నాడు. అసలు పత్రం అన్న దగ్గరే ఉండిపోయింది. కొన్నాళ్ళకు ఆ పత్రం చూపించి అన్న ఇంటిస్థలానికి బేరం కుదిర్చి బయానా పుచ్చుకున్నాడు. కొనే మనిషికి ఈ ఫోను సంగతి ఏం తెలుసు? "మాస్టర్ సాబ్, నా దగ్గర నకలు ఉంది, చింపేస్తే పోదా?" అని ఆ తల్లి అడిగింది. నకలు చింపితే ఏమీ పోదమ్మా అని చెప్పడానికి మాకు నోరు రాలేదు. నేటికీ ఆ అన్నదమ్ములు పండగనాడు కూడా గలే మిలరు.

ఇక చట్టం ఏమంటుందో చూద్దాం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను ప్రకారం ఇచ్చినవాడు తన అధికారాన్ని రద్దు చేసుకోవచ్చు. కారణం చెప్పనక్కరలేదు. కానీ 208వ సెక్షనులో అసలు కిటుకు ఉన్నది. రద్దు అనేది ఏజెంటు విషయంలో అతనికి తెలిసినప్పటి నుంచి, బయటివారి విషయంలో వారికి తెలిసినప్పటి నుంచి మాత్రమే అమలులోకి వస్తుంది. మన ఫిఖ్హ్ కూడా ఇంతే. వకీలును తొలగించిన కబురు అతనికి చేరేదాకా వకాలత్ నిలిచే ఉంటుందని హనఫీల గ్రంథం హిదాయా చెబుతుంది. కనుక రద్దు మనసులో చేసుకునేది కాదు, నలుగురికీ తెలియజేసేది.

చేయవలసిన పనులు ఇవి. మొదట పాత పత్రాన్ని పూర్తిగా చదివించండి. దాని నెంబరు, తేదీ వేసి రద్దు పత్రం రాయించండి. పాతది రిజిస్టరు అయి ఉంటే, రద్దును కూడా అదే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు చేయించండి. విదేశంలో ఉన్నవారు అక్కడి భారత రాయబార కార్యాలయంలో సంతకం చేసి పంపవచ్చు. కాగితం మన దేశానికి చేరిన 3 నెలల లోపు స్టాంపు వేయించాలి. ఆ తర్వాత ఏజెంటుకు నోటీసు, అందినట్లు రుజువు వచ్చే విధంగా తపాలాలో పంపండి. అసలు పత్రం తిరిగి అడగండి. బ్యాంకుకు, అద్దెకున్నవారికి, ఇరుగుపొరుగుకు చెప్పండి. పత్రికలో ప్రకటన వేయించండి.

రెండు జాగ్రత్తలు. ఏజెంటుకు ఆ ఆస్తిలోనే స్వంత హక్కు ఏర్పడి ఉంటే, ఉదాహరణకు అతని బాకీ తీర్చుకోవడానికే ఆ అధికారం ఇచ్చి ఉంటే, 202వ సెక్షను ప్రకారం మన ఇష్టం వచ్చినట్లు రద్దు చేయడం కుదరదు. అలాగే రద్దుకు ముందు అతను చేసేసిన పనులకు మనం కట్టుబడవలసిందే. ఆలస్యం అందుకే ప్రమాదం.

అమెరికాలో పిల్లలున్నవారు ‘డ్యూరబుల్’ పవర్ అనే మాట వింటుంటారు. అక్కడ ఇచ్చిన మనిషికి మతి తప్పినా ఆ పత్రం నిలుస్తుంది. రద్దు చేయాలంటే మతి ఉండగానే చేయాలి. మన దేశంలో అలా కాదు. ఇచ్చినవాడు మరణించినా, మతి చెడినా ఏజెంటు అధికారం ముగుస్తుంది. అబ్బాజాన్‌కు జ్ఞాపకం పోయిన తర్వాత కూడా ఆయన ముక్తార్‌నామా పట్టుకుని సంతకాలు పెడుతున్న కొడుకులు ఈ సంగతి గమనించాలి.

కొనేవారికి ఒక మాట. జి.పి.ఎ. చేతికి వచ్చినంత మాత్రాన స్థలం మనది కాదు. సూరజ్ ల్యాంప్ కేసులో 2011లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చి చెప్పింది. రిజిస్టరు అయిన అమ్మకం దస్తావేజు ఉంటేనే హక్కు.

చివరిగా, ఇచ్చేటప్పుడే ఆలోచించండి. పన్ను కట్టడానికి ఆమ్ ముక్తార్‌నామా ఎందుకు? ఆ ఒక్క పనికి ఖాస్ ముక్తార్‌నామా చాలు. రద్దు చేస్తే అన్న ఇజ్జత్ పోతుందని కొందరు వెనుకాడుతారు. ముక్తార్‌నామా అమానత్. అమానత్ తిరిగి అడగడం అవమానం కాదు, అడిగినప్పుడు అప్పగించడంలోనే ఇజ్జత్ ఉంది. కువైట్ నుంచి ఆ తమ్ముడు ఫోనుతోపాటు ఒక నోటీసు పంపి, నలుగురికీ తెలియజేసి ఉంటే ఆ తల్లి మా ఇంటికి రావలసిన పని ఉండేది కాదు.

మీ ఇంటి ఇనప్పెట్టెలో ఇటువంటి కాగితం ఉంటే ఈ రాత్రికే తీసి చదవండి. అర్థం కాకపోతే వకీలు దగ్గరకు వెళ్ళండి. తోడు రమ్మంటే మేము వస్తాం.